మార్కులను అలా కలపవచ్చు, భిన్నాలను అలా కలపకూడదా? ఏడో తరగతి అమ్మాయికి ఏమని చెప్పాలి?

ప్రశ్న: లెక్కల టీచర్, మధిర

ఖమ్మం జిల్లా మధిర దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో పద్నాలుగేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. మొన్న మంగళవారం ఏడో తరగతిలో ఒక అమ్మాయి నా నోరు మూయించింది.

ముందురోజు నోట్సులు దిద్దాను. ఆ అమ్మాయి 1/2 + 1/3 = 2/5 అని రాసింది. ఎర్ర సిరాతో కొట్టేశాను. మర్నాడు ఆ నోట్సు ఒక చేత్తో, స్లిప్ టెస్టు పేపరు ఇంకో చేత్తో పట్టుకుని బల్ల దగ్గరకు వచ్చింది. పేపరు పై మూలన నా దస్తూరీతోనే ఉంది: మొదటి టెస్టు 7/10, రెండోది 12/20, కింద గీత, గీత కింద 19/30.

"టీచర్, మీరు పైవి పైవి, కిందివి కిందివి కలిపారు. నేనూ అదే చేశాను. మీది ఒప్పు, నాది తప్పా?"

"మార్కులు వేరు, భిన్నాలు వేరు" అన్నాను. "చూడటానికి ఒకేలా ఉన్నాయి కదా" అంది. అంతలో గంట కొట్టారు. ఆ గంటకు నేను రుణపడి ఉన్నాను.

ఇంటికొచ్చి ఆ మార్కులను భిన్నాల పద్ధతిలో కలిపి చూశాను. 7/10 అంటే 14/20. దానికి 12/20 కలిపితే 26/20. ఇరవైకి ఇరవై ఆరు మార్కులు! అంటే నా పద్ధతి మార్కులకు పనికిరాదు, ఆ అమ్మాయి పద్ధతి భిన్నాలకు పనికిరాదు. విడివిడిగా రెండూ నాకు తెలిసినవే. రెండింటినీ పక్కపక్కన పెట్టి పన్నెండేళ్ళ పిల్లకు అర్థమయ్యేలా చెప్పడం మాత్రం చేతకావడం లేదు.

దయచేసి క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కనుక్కుని హారాలు సమానం చేయమని చెప్పకండి. అది ఆ అమ్మాయికి వచ్చు. "ఎలా చేయాలో తెలుసు టీచర్, ఎందుకో అడుగుతున్నాను" అంది.

ఇంకో బెంగ కూడా ఉంది. వచ్చే నెల శాతాలు మొదలుపెట్టాలి. తరగతిలో సగం మంది ఇప్పటికీ 0.5 కంటే 0.45 పెద్దదంటున్నారు, 5 కంటే 45 పెద్దది కాబట్టి. అదే లెక్కన 1/6 కంటే 1/8 పెద్దదట. ఈ పునాది మీద శాతాలు ఎలా నిలబెట్టాలో తోచడం లేదు.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

అమ్మా, ముందు ఆ అమ్మాయికి నా తరఫున ఒక మంచి పెన్ను కొనివ్వండి. ముప్పై మూడేళ్ళు పాఠాలు చెప్పాను, ఈ ప్రశ్న నన్ను ఒక్కరూ అడగలేదు. అందరికీ అర్థమైందని అప్పట్లో మురిసిపోయాను. అడిగేంత చనువు ఇవ్వలేదేమోనని ఇప్పుడు అనుమానం వస్తోంది.

ఆ అమ్మాయిని ఒకటే అడగండి: "దేనిలో?" పది మార్కుల పేపరులో ఏడు, ఇరవై మార్కుల పేపరులో పన్నెండు. రెండు పేపర్లూ కలిపితే ముప్పై మార్కుల పేపరు తయారవుతుంది. మొత్తమే పెరిగింది. అర గ్లాసు నీళ్ళకు మూడో వంతు గ్లాసు నీళ్ళు కలిపినప్పుడు గ్లాసు పెరగదు, అదే గ్లాసు.

ఈ తేడాను మన తెలుగు ఎప్పుడో పట్టుకుంది. మార్కులైతే "పదికి ఏడు" అంటాం. భిన్నమైతే "పదింట ఏడు వంతులు" అనాలి. ఎన్ని వంతులు చేశామో ముందే చెప్పి, అందులో ఎన్ని తీసుకున్నామో తరువాత చెబుతుంది మన భాష. మనం బడిలో రెండింటినీ "ఏడు బై పది" అని చదివించి ఆ తేడాను చెరిపేశాం. నేనూ అలాగే చదివించాను, ఎవరినీ అనడానికి లేదు.

గ్లాసు నిజంగానే తరగతికి తీసుకెళ్ళండి. సగానికి నీళ్ళు పోసి, ఇంకా పోయబోయే ముందు ఆగి, "ఈ అమ్మాయి లెక్క ప్రకారం ఇప్పుడు అయిదింట రెండు వంతులు కావాలి. అది సగం కంటే ఎక్కువా, తక్కువా?" అని అడగండి. సగం అంటే అయిదింట రెండున్నర. రెండు వంతులంటే సగం కంటే తక్కువే కదా! నీళ్ళు పోస్తే గ్లాసులో నీళ్ళు తగ్గాయన్నమాట. ఆ మాట పిల్లల నోటి నుంచే రానివ్వండి.

తరువాత జామెట్రీ పెట్టె తెరిపించండి. అందులోని చిన్న స్కేలుకు ఒక అంచున 15 సెంటీమీటర్లు ఉంటే రెండో అంచున 6 అంగుళాలు ఉంటాయి. స్కేలులో సగం ఎంత? 3 అంగుళాలు. మూడో వంతు ఎంత? 2 అంగుళాలు. కలిపితే 5, ఆరింట అయిదు వంతులు. క.సా.గు. అనే మాట ఎత్తకుండానే 6 దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. బోర్డు మీద గుండ్రని బొమ్మలు మాత్రం గీయకండి. వృత్తాన్ని మూడు సమాన భాగాలు చేయడం నాకే ఎప్పుడూ కుదరలేదు, ఒక ముక్క తప్పకుండా పెద్దదయ్యేది. పిల్లలు ఆ ముక్కనే చూస్తారు.

ఒక మాట ఎక్కువ చెబితే ఏమనుకోకండి. మా తాతగారు పావు, పరక, వీసం అంటూ అన్నిటినీ సగాలు చేసుకుంటూ పోయేవారు: 1/4, 1/8, 1/16. రూపాయికి పదహారు అణాలు కాబట్టి రూపాయిలో వీసం అంటే అణా. ఆ లెక్కల్లో ఎటూ లొంగనిది మూడో వంతే. పదహారు మూడుతో తెగదు. అణాకు 12 పైలు ఉండబట్టి బతికిపోయారు, రూపాయిలో మూడో వంతు 5 అణాల 4 పైలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక రూపాయిలో మూడో వంతు మళ్ళీ తెగకుండా పోయింది. "పదహారణాల తెలుగు" అనే మాట మాత్రం మిగిలింది. ఈ కాలం పిల్లలు దాన్నే నూటికి నూరు శాతం అంటారు.

జవాబు: బట్టల దుకాణంలో బిల్లింగు, విజయవాడ

మాస్టారి "దేనిలో?" అనే ప్రశ్న మా కౌంటరు మీద రాసి అతికించాలి. ఆషాఢంలో మేము "50% + 20% తగ్గింపు" అని బోర్డు పెడతాం. వెయ్యి రూపాయల చొక్కాకు కొనేవాళ్ళు 300 చేతిలో పెట్టి నిలబడతారు. బిల్లు 400 వస్తుంది. మొదటి 50 వెయ్యిలో, మిగిలింది 500. రెండో 20 ఆ 500లో, అంటే వంద. మొత్తం తగ్గింది 60 శాతమే. దాన్ని 60 అని నేరుగా రాయవచ్చు కదా అని మీరడగవచ్చు. రాస్తే ఎవరు వస్తారు?

తమాషా ఏమిటంటే అదే బిల్లు కింద నేనే శాతాలు కలుపుతాను. కేంద్రానికి 2.5, రాష్ట్రానికి 2.5, కలిపి 5 శాతం జీఎస్టీ. 400 మీద పది, పది, మొత్తం ఇరవై. అక్కడ కలపవచ్చు, ఎందుకంటే రెండూ అదే 400లో. పోయిన ఏడాది ఒక పెద్దాయన "పన్ను వేసేటప్పుడు కలుపుతావు, తగ్గించేటప్పుడు మాత్రం కలపవు, ఇదెక్కడి న్యాయం?" అని గట్టిగానే పోట్లాడారు. మీ ఏడో తరగతి అమ్మాయి ప్రశ్న కూడా ఇదే కదూ. ఈ బిల్లును తరగతిలో వాడుకోండి.

జవాబు: పోటీ పరీక్షల శిక్షకుడు, హైదరాబాద్

అందరూ బాగానే చెప్పారు. కానీ గ్లాసు పట్టుకుని పరీక్ష హాలులోకి వెళ్ళలేరు. నా దగ్గరకు డిగ్రీ చదివినవాళ్ళు వస్తారు. 5/8 పెద్దదా, 60 శాతం పెద్దదా అంటే కాగితం కోసం వెతుక్కుంటారు. చిన్నప్పుడే వల్లె వేయించి ఉంటే ఈ అవస్థ ఉండేది కాదు. 1/6 అంటే 16.66, 1/7 అంటే 14.28, 1/8 అంటే 12.5, 1/9 అంటే 11.11. ఎక్కాల్లాగే ఇవీ నోటికి రావాలి. 1/8 అంటే 12.5 అని తెలిసినవాడు 5/8 ను 62.5 అని అక్కడికక్కడే చెబుతాడు.

పోలికకు అడ్డ గుణకారం చాలు. 3/7, 5/12 ఇస్తే: 3 పన్నెండ్లు 36, 5 ఏడులు 35. మొదటిది పెద్దది. అయిదు సెకన్లు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

బాబూ, ఆ 36, 35 ఏమిటి? దేనిలో 36?

పోటీ పరీక్షల శిక్షకుడు, హైదరాబాద్

మాస్టారూ, దొరికిపోయాను. 84లో. 36/84, 35/84. హారాలు సమానం చేసి, ఆ 84 ను రాయకుండా దాచేస్తున్నాం. పదేళ్ళుగా చెబుతున్నాను, ఒక్క బ్యాచ్‌కూ ఆ 84 గురించి చెప్పలేదు. రేపటి నుంచి చెబుతాను. వల్లె వేయించడం మాత్రం మానను.

టీచర్ గారూ, మీ 0.45, 0.5 సంగతికి ఒక ఉపాయం. డబ్బుతో చెప్పించండి: 45 పైసలు, 50 పైసలు.

లెక్కల టీచర్, మధిర

అది ప్రయత్నించాను సార్. మా పిల్లలకు పైసలు తెలియవు. పావలా చెలామణి 2011 జూన్‌లోనే ఆగిపోయింది, వీళ్ళు ఆ తరువాత పుట్టినవాళ్ళు. "పావలా అంటే ఎంత?" అని అడిగితే ఒకడు "పావు కిలో" అన్నాడు. తప్పని కొట్టేయడానికి మనసు రాలేదు, పావు దాకా వచ్చాడు కదా.

పోటీ పరీక్షల శిక్షకుడు, హైదరాబాద్

అయితే పొలంతో చెప్పండి. మాది భీమవరం వైపు. ఎకరానికి వంద సెంట్లు. అర ఎకరం 50 సెంట్లు, 0.45 అంటే 45 సెంట్లు. రైతుల పిల్లలకు దీనికంటే మంచి దశాంశం దొరకదు.

జవాబు: గట్టు తగాదా, ఎన్టీఆర్ జిల్లా

ఆగండి ఆగండి! మధిరలో ఆ మాట చెప్పకండి. అక్కడ సెంట్లు ఉండవు, గుంటలు ఉంటాయి. ఎకరానికి 40 గుంటలు. ఈ తేడాతో మా ఇంట్లో ఒక రాత్రి ఎవరూ అన్నం తినలేదు.

మా నాన్న ఇటు కృష్ణా జిల్లా రైతు. అప్పట్లో ఇంకా జిల్లాలు విడిపోలేదు. సరిహద్దు అవతల ఒక పొలం అమ్మకానికి ఉందని తెలిసి వెళ్ళారు. పాసు పుస్తకంలో 2.20 అని ఉంది. ఎకరం రెండు లక్షలకు మాట కుదిరింది. నాన్న మనసులో లెక్క వేసుకున్నారు: రెండెకరాల ఇరవై సెంట్లు, నాలుగు లక్షల నలభై వేలు. ఉన్నదంతా ఊడ్చి అంతే పోగు చేశారు. తీరా డబ్బు ఇచ్చే రోజున అమ్మేవాళ్ళు అయిదు లక్షలు అన్నారు. మోసం అనుకుని నాన్న లేచి నిలబడ్డారు. ఎవరి మోసమూ లేదు. వాళ్ళ 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, నలభైలో ఇరవై, అంటే రెండున్నర ఎకరాలు. అరవై వేలు తక్కువ పడింది. ఆ చుక్క దశాంశ బిందువు కాదని ఎవరూ చెప్పలేదు, చెప్పాలని వాళ్ళకూ తోచలేదు. చివరికి మా అమ్మ గాజులు బ్యాంకుకు వెళ్ళాయి. పొలం మాత్రం వచ్చింది, ఇప్పటికీ ఉంది. గట్టు తగాదా కూడా ఉంది, అది వేరే కథ.

మీ పిల్లలకు ఈ లెక్క ఇవ్వండి టీచర్ గారూ: ఒక ముక్క 1.35, ఇంకో ముక్క 1.10. తెలంగాణలో మొత్తం ఎంత? మామూలుగా కలిపితే 2.45. కానీ 45 గుంటల్లో ఒక ఎకరం దాక్కుని ఉంది. జవాబు 3.05. క్రికెట్ చూసేవాళ్ళు చటుక్కున పట్టేస్తారు. 15.3 ఓవర్లంటే పదిహేనున్నర అని వాళ్ళకు ఎవరూ నేర్పక్కరలేదు. ఆరింట మూడు.

లెక్కల టీచర్, మధిర: వారం తరువాత

అందరికీ నమస్కారాలు. మాస్టారూ, పెన్ను ఇచ్చాను. నీలం రంగుది, పది రూపాయలది. "తెనాలి నుంచి ఒక తాతగారు పంపారు" అంటే నమ్మలేదు.

బుధవారం గ్లాసు తీసుకెళ్ళాను. సగం దగ్గర రబ్బరు బ్యాండు పెట్టి అక్కడిదాకా నీళ్ళు పోశాను. "2/5 ఎక్కడుంటుంది?" అంటే ఆ అమ్మాయే వచ్చి వేలు పెట్టింది, రబ్బరు బ్యాండు కిందుగా. వేలు అక్కడే ఉంచి కాసేపు చూసింది. "పోస్తే కిందికి ఎలా వెళుతుంది?" అని తనే అడిగి, తనే నవ్వేసింది. నేను ఏమీ చెప్పనక్కర లేకపోయింది. స్కేలు లెక్క ఇంకా సులువుగా వెళ్ళింది. 1/4 + 1/3 ఇచ్చేసరికి ఆరంగుళాల స్కేలు చాలలేదు. పావు అంటే ఒకటిన్నర అంగుళం, మూడో వంతు రెండు, మొత్తం మూడున్నర. ఆరింట మూడున్నర అని రాయవచ్చా అని అడిగారు. రాయండి అన్నాను. వెనక బెంచీ అబ్బాయి ఒకడు "రెండు స్కేళ్ళు కలిపితే పన్నెండింట ఏడు" అన్నాడు. క.సా.గు. 12 అలా వచ్చింది. పద్నాలుగేళ్ళలో నా బోర్డు మీద 12 ఇంత దర్జాగా రావడం ఇదే మొదటిసారి.

పొలం లెక్క పేలింది. తరగతిలో ముగ్గురికి అవతలి వైపు కూడా పొలాలున్నాయి. 3.05 అనే జవాబు మీద గంటసేపు గొడవ. మర్నాడు ఒకడు వాళ్ళ తాతను బడి గేటు దాకా తీసుకొచ్చాడు, "టీచర్ చెప్పింది నిజమేనా" అని అడిగించడానికి. తాత "నిజమే" అని వెళ్ళిపోయారు. అప్పుడు నమ్మారు.

శాతాలు శనివారమే మొదలుపెట్టేశాను, ఆగలేక. మా అత్తగారు ఊళ్ళో చిన్న చిన్న అప్పులు ఇస్తారు, రెండు రూపాయల వడ్డీకి. ఆ మాట పిల్లలందరికీ తెలుసు. "బ్యాంకులో 9 శాతం, మా అత్తగారి దగ్గర 2 రూపాయలు. ఎవరి దగ్గర తీసుకుంటారు?" అని అడిగాను. తరగతి మొత్తం "మీ అత్తగారి దగ్గరే" అంది. తొమ్మిది కంటే రెండు తక్కువ కదా! అప్పుడు మాస్టారి ప్రశ్న తీశాను: నూటికి రెండు, ఎన్నాళ్ళకు? "నెలకు" అన్నారు. బ్యాంకు? గుసగుసలు. "ఏడాదికి" అని ఒక గొంతు. పది వేలకు నెలకు 200, ఏడాదికి 2,400, నూటికి 24. తరగతి చల్లబడిపోయింది. ఒక అబ్బాయి మెల్లగా "మా నాన్నకు చెప్పాలి" అన్నాడు. పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతమని కూడా వాళ్ళే తేల్చారు. ఆ మాట వాళ్ళ అమ్మలు సంఘం మీటింగుల్లో ఏళ్ళుగా వింటున్నదే. నాణెం పోయినా పావలా అక్కడ బతికి ఉంది. ఆ సాయంత్రం ఈ సంగతంతా మా అత్తగారికి చేరిపోయింది. మా ఇంట్లో మాటలు కాస్త తగ్గాయి.

హైదరాబాద్ సార్, 1/8 దాకా వల్లె వేయించడం మొదలుపెట్టాను. 1/7 మీద వాళ్ళకూ నాకూ ఇంకా రాజీ కుదరలేదు.

అసలు ఈ రోజు రాయడానికి కారణం వేరే. ఇవాళ అదే అమ్మాయి హాజరు పట్టిక చూసింది. జూన్‌లో బడి 16 రోజులు నడిచింది, తనకు జ్వరం వచ్చి 8 రోజులే వచ్చింది, 50 శాతం. జూలైలో 24 రోజులకు 24 వచ్చింది, 100 శాతం. రెండింటినీ కలిపి రెండుతో భాగించి 75 అని రాసుకున్నాను. ఏటా అలాగే రాసుకుంటున్నాను.

"టీచర్, దేనిలో 75?" అంది.

40 రోజుల్లో 32 వచ్చింది. 80 శాతం. నేను అయిదు తగ్గించాను. తరగతిలో 42 మంది ఉన్నారు. రిజిస్టరు ఇంటికి తెచ్చుకున్నాను, ఇప్పటికి పదకొండు మందివి దిద్దాను.